సున్నాకి పడే ముల్లు

రేపల్లె,
1 జూన్ 2025, ఆదివారం

అమ్మాయ్ కరుణశ్రీ,

నీకు నేల సరిపోలేదా?

బాగోగులు అడక్కుండా ఇలా మొదలుపెట్టానని ఏమనుకోకు. పొద్దున ఆరాధన అయ్యాక మన పక్కింటి జాన్సన్ తన ఫోనులో ఒక ఫొటో చూపించాడు. "అంకుల్, ఈవిడ మీ మేనకోడలు కాదూ?" అన్నాడు. చూద్దును కదా, బాపట్లలో ఏదో పాత రైసుమిల్లు షెడ్డు. దాంట్లో ఇనప గొట్టాలతో ఒక పంజరం. ఆ పంజరంలో నువ్వు! నూనె మరకల చొక్కా, చేతిలో రెంచి. నలభై రెండేళ్ళ దానివి, కాలేజీలో ఫిజిక్సు ల్యాబు చూసుకునేదానివి, ఆరేళ్ళుగా విమానం కడుతున్నావట. ఆరేళ్ళు! ఎప్పుడు రమ్మన్నా "షెడ్డులో పనుంది మావయ్యా" అంటే, కోళ్ళు పెంచుతున్నావనుకున్నాను.

బైబిల్లో షీనారు మైదానంలో వాళ్ళు కూడా చిన్నగానే మొదలుపెట్టారు. ఒక ఇటుక, ఇంకో ఇటుక, ఆకాశాన్ని అంటే గోపురం. ఏమైంది? ఒకడి మాట ఒకడికి తెలియక దిక్కుకొకడు చెదిరిపోయారు. మనిషి పైకి చూడాల్సింది ప్రార్థన కోసం, పెట్రోలు పోసుకుని వెళ్ళటానికి కాదు. మీ అమ్మ ఉంటే ఏమనేది? నా చెల్లెలు స్టెల్లా ముప్పై ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకు దైవభయం నేర్పింది. అది పోయి ఏడేళ్ళయినా కాలేదు, దాని కూతురు రెక్కలు కట్టుకుంటోంది.

ఫోను చెయ్యకు. ముప్పై ఐదేళ్ళు మైకు సెట్లు బిగిస్తూ, అదే మైకులో వాక్యం చెబుతూ, ఆ పెట్టెల పక్కనే నిలబడి నా చెవులు పాడైపోయాయి. ఫోనులో నీ గొంతు సీసాలో పడ్డ కందిరీగలా వినిపిస్తుంది. కాగితం మీద జవాబు చెప్పు. చెప్పగలిగితే.

నీ మేలు కోరి మండిపడుతున్న మావయ్య,
శాలేమురాజు

*

బాపట్ల,
9 జూన్ 2025

మావయ్యకు,

మీ ఉత్తరం నిలబడి చదివాను. కూర్చుని చదివే ధైర్యం లేకపోయింది.

చెప్పకపోవటం నా తప్పే. మొదటి ఏడాది ఇది పూర్తవుతుందో లేదోనని చెప్పలేదు. ఆ తరవాత, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటారేమోనని చెప్పలేదు.

గోపురం అంటే మాత్రం ఒప్పుకోను. నోవహు కట్టింది ఏంటి? నీళ్ళు లేని చోట ఓడ. ఆయనా మూరలు కొలుచుకుంటూ చెప్పిన ప్రకారం కట్టాడు, నేనూ డ్రాయింగుల ప్రకారమే కడుతున్నాను. ఆయన లోపలా బయటా తారులాంటి కీలు పూశాడు, నేను రెక్కల గుడ్డకు నాలుగు పూతలు పూశాను. ఆ గుడ్డ బిగించడానికి ఈపురుపాలెం నుంచి ఒక నేత ఇంటి పెద్దావిడ వచ్చింది. రెక్క లోపలి ప్రతి బద్దకూ గుడ్డని దారంతో ముడివెయ్యాలి. నా ముళ్ళు చూసి "ఇవి ముళ్ళా, దోమ దద్దుర్లా?" అని రెండు రోజుల పని మొత్తం విప్పించింది.

ఇంజను పని ముత్యాలరావు బాబాయిది. సూర్యలంకలో నలభై ఏళ్ళు చేపల పడవల ఇంజన్లు బాగుచేసిన మనిషి. ప్రొపెల్లరుని ఇప్పటికీ ఫ్యాను అనే అంటాడు. "ఫ్యాను నీళ్ళలో ఉంటే పడవ, గాల్లో ఉంటే విమానం, అంతేగా అమ్మా" అంటాడు.

అమ్మ ఏమనేదని అడిగారు. సండే స్కూల్లో పాఠం మధ్యలో విమానం చప్పుడు వినిపిస్తే అమ్మ పుస్తకం మూసేసేది. "పదండి పదండి, వెళ్ళిపోతుంది!" అంటూ పిల్లలకంటే ముందు తనే బయటికి పరిగెత్తేది. మీకు తెలియదు. ఆదివారం ఆ వేళకు మీరు ఏదో ఊళ్ళో మైకు ముందు ఉండేవారు.

భయపడకండి. ఇది ఇక్కడినుంచి ఎగరదు. ఇంజను, వైరింగు అంతా అయ్యాక ప్రభుత్వం తరఫున ఒక పరీక్షాధికారి వచ్చి చూస్తారు. ఆయన సరేనంటేనే రెక్కలు విప్పి, లారీలో ఎయిర్‌ఫీల్డుకి తీసుకెళ్ళటం. కాదంటే ఆరేళ్ళూ షెడ్డులోనే.

ఒకసారి వచ్చి చూడండి. చూశాక తిట్టండి.

కోళ్ళు లేని షెడ్డు నుంచి,
మీ కరుణ

*

రేపల్లె,
4 ఆగస్టు 2025

అమ్మడూ,

శుక్రవారం నీ దగ్గర బయలుదేరినవాణ్ణి తెనాలిలో రేపల్లె బండి తప్పిపోయి, రెండు గంటలు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. ఊరికే కూర్చున్నానా? టీ అమ్మే అతనికి నీ విమానం గురించి మొత్తం చెప్పాను. "రెక్క వెనక ఇంకో చిన్న రెక్క ఉంటుందయ్యా, దాన్ని కాలితో తొక్కితే తోక తిరుగుతుంది" అన్నాను. "కాలితోనా? మరి చేతులేం చేస్తాయండి?" అన్నాడు. అప్పుడు తెలిసింది, నేను సగం తప్పు చెప్పానని. సరిగ్గా రాసి పంపు. అతను మళ్ళీ కనపడతాడు.

నేను తిట్టడానికే వచ్చాను. నిజం చెబుతున్నాను. రైల్లో మూడు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను. ఆ కుడివైపు సీట్లో నన్ను కూర్చోబెట్టి, నువ్వు ఎడమవైపు కూర్చుని ఆ కర్ర కదిపితే, బయట రెక్క మీద తలుపులాంటిది లేచింది చూశావూ, మూడు వాక్యాలూ మర్చిపోయాను. అగ్నిరథం ఎక్కి ఆకాశానికి వెళ్ళిన ఏలీయాకు ఎలా ఉండి ఉంటుందో ఇన్నేళ్ళు బోధించానే గానీ, నాకు తెలిసింది మొన్నే.

నీ వైరింగు చూసి ముచ్చటేసింది. నాకు బడిలో ఎవరూ కరెంటు నేర్పలేదు. చెడిపోయిన ఆంప్లిఫయర్లు విప్పుకుని నేర్చుకున్నాను. అందుకే చెబుతున్నాను, ఎర్త్ వైరు ఒక్కచోటికే తెచ్చి బిగించావు చూడు, అది చేసినవాళ్ళకు బుద్ధి ఉంది.

కానీ ఒక్కటి. ఆ ముత్యాలరావు ఫ్యాను బొడ్డుకి నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ కట్టాడే, దాన్ని నేను సహించను. మొహం మీదే చెప్పాను కదా, "ఏమయ్యా, దేవుడు నిలబెట్టేదాన్ని నిమ్మకాయ నిలబెడుతుందా?" అని. అతనేమన్నాడు? "పాస్టరుగారూ, మీ బరువెంతండి?" "పాస్టరుని కాదు, ఊరికే వాక్యం చెప్పేవాణ్ణి. బరువెందుకు?" "లెక్కుందండి. మనిషి బరువుకి కొంత పెట్రోలు, ప్రసంగం పొడుగుకి ఇంకొంత." నువ్వు నవ్వావు. నేనూ నవ్వాను గానీ, మనసులో కాదు.

చివర్లో మీ ఇద్దర్నీ బయటికి పంపి, అయిదు నిమిషాలు ఒంటరిగా దాంట్లో కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. మీటర్ల పలక ఇంకా బిగించలేదు కాబట్టి నీ వైర్లన్నీ చూస్తూ చేసుకున్నాను. ముసలివాడి చాదస్తం, ఏమనుకోకు. తెనాలిలో కొన్న నల్లటేపు చుట్ట మీ బల్ల మీద మర్చిపోయాను. జాగ్రత్త చెయ్యి.

తిట్టడం మర్చిపోయి తిరిగొచ్చిన,
మావయ్య

*

బాపట్ల,
28 ఆగస్టు 2025

మావయ్యా,

ముందు మంచి మాట. ఇంజను తిరిగింది! పదకొండోసారి స్టార్టరు నొక్కితే పలికింది. ముత్యాలరావు బాబాయి షెడ్డు గుమ్మంలో టవలు తిప్పుతూ డాన్సు చేశాడు. చెయ్యడం రాదు, అయినా చేశాడు. పరీక్షాధికారి వినోద్ కుమార్ గారు సెప్టెంబరు 25, గురువారం వస్తున్నారు. ఆయన ఇటువైపు మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. ఏడాదైనా పట్టవచ్చు.

ఇప్పుడు చెడ్డ మాట. పెట్రోలు చూపించే ముల్లు సున్నాకి పడిపోతోంది. ట్యాంకు నిండుగా ఉంటుంది. ఇంజను నెమ్మదిగా తిరిగితే ముల్లు సరిగ్గానే ఉంటుంది. వేగం పెంచితే ఉన్నట్టుండి సున్నాకి పడుతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. ఇంజను ఆపి టెస్టు మీటరు పెట్టి చూస్తే అంతా సవ్యం. ఇలా ఉంటే ఆయన ఎలా ఒప్పుకుంటారు? పైన ఉన్నవాళ్ళకు పెట్రోలు ఎంతుందో తెలియకపోతే ఎలా? నూనె చూసుకోని బుద్ధిలేని కన్యకల దీపాల్లా అయిపోతుంది నా పని.

ట్యాంకులో తేలే బెండు మార్చాను. మీటరు మార్చాను. ట్యాంకు నుంచి కొత్త వైరు లాగాను. అదే రోగం.

మరొక సంగతి. ఆ గురువారం అమ్మ బ్యాడ్జి పెట్టుకోవాలని ఉంది. సండే స్కూల్లో ముప్పై ఏళ్ళు చెప్పినందుకు సంఘం ఇచ్చిన ఇత్తడి బ్యాడ్జి, వెనక పిన్నీసు ఉండేది. మీ దగ్గరే ఉండాలి. పంపుతారా?

మీ టేపు చుట్ట జాగ్రత్త చేద్దామని చూస్తే సగం అయిపోయి ఉంది. నేను వాడలేదు. బాబాయి కూడా వాడలేదట. మీరు కొన్నదే సగం చుట్టా?

ముల్లు గుచ్చుకున్న,
కరుణ

*

రేపల్లె,
3 సెప్టెంబరు 2025

కరుణశ్రీ,

నీ ఉత్తరం చదివి మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. లేచాక ఇది రాస్తున్నాను.

యెరికో గోడలు కూల్చిన సైన్యం, హాయి అనే చిన్న ఊరి ముందు ఎందుకు ఓడిపోయింది? బలం లేకా? కత్తులు మొద్దుబారా? కాదు! ఆకాను అనే ఒక్కడు, తేకూడనిది తెచ్చి తన డేరాలో నేల కింద దాచాడు. ఎవరికీ కనబడలేదు. కనబడకుండానే సైన్యం మొత్తాన్ని ఓడించింది. గోత్రం తరవాత గోత్రాన్ని, ఇంటి తరవాత ఇంటిని పిలిచి వెతికితే దొరికింది.

నీ విమానంలో బెండు మార్చావు, మీటరు మార్చావు, వైరు మార్చావు. మార్చాల్సింది మార్చలేదు. నీ ఎదురుగా ఫ్యానుకి వేలాడుతున్నది ఏంటి? ఆ నిమ్మకాయలు ఊడదీయించు. ఆ కట్టిన చెయ్యి నీ వైర్లలో ఇంకేం కట్టిందో ఎవరికి తెలుసు? తాయెత్తుని నమ్మేవాడు ఒక్కచోట కట్టి ఊరుకోడు. మన అమ్మాయి ప్రాణం మోసే యంత్రం అది! ఈ మాట అతనికి చదివి వినిపించు. నా పేరు చెప్పే వినిపించు. నేను భయపడను.

బ్యాడ్జి ఉండాల్సిన చోట భద్రంగా ఉంది. అంతకు మించి అడక్కు.

టేపు సంగతి నాకు గుర్తులేదు.

నీ కోసం ఉపవాసంలో ఉన్న,
మావయ్య

*

బాపట్ల,
18 సెప్టెంబరు 2025

మావయ్యకు,

మీరు చెప్పినట్టే మీ ఉత్తరం ముత్యాలరావు బాబాయికి చదివి వినిపించాను. చదవకుండా ఉండాల్సింది. మధ్యలో ఆపుదామంటే "కానీ అమ్మా, మొత్తం కానీ" అన్నాడు. అయ్యాక స్టూలు వేసుకుని నిమ్మకాయలు తనే విప్పాడు. పడవ ఇంజను కింద చూడ్డానికి వాడే చిన్న అద్దాన్ని గుడ్డలో చుట్టుకున్నాడు. "మా పడవలకి నలభై ఏళ్ళు కట్టానమ్మా. ఏ పడవకీ వైరు మాత్రం కొయ్యలేదు" అని వెళ్ళిపోయాడు. పది రోజులైంది, రాలేదు. నేను వెళితే "జ్వరం" అని ఆయన భార్య చేత చెప్పించాడు. లోపల బీడీ వాసన వస్తోంది.

నిమ్మకాయలు లేకపోయినా ముల్లు సున్నాకే పడుతోంది.

ఇప్పుడు నాకు మిగిలింది వరసగా వెతకటమే. ఒక్కొక్క స్క్రూ దగ్గర మీటరు పెట్టి చూశాను. నిన్న ఇంజను ఆపి, స్క్రూడ్రైవరు పిడితో పలక పొడుగునా తట్టుకుంటూ వెళ్ళాను. ఎడమవైపు ఏమీ లేదు. మధ్యలో ఏమీ లేదు. కుడివైపు అడుగున, రెండో సీటు మోకాళ్ళకు ఎదురుగా తట్టగానే ముల్లు టక్కున పడింది! అక్కడ వైర్లన్నీ కలిసే పట్టీ ఉంది. దాని వెనక నా చెయ్యి దూరదు, కంటికి ఆనదు. బొమ్మ గీసి పంపుతున్నాను, గుర్తు పెట్టిన చోటే. అదిరితే ఏదో లోహం వెళ్ళి ఆ స్క్రూకి తగిలి, ఫ్రేముకి కలుపుతోందని నా అనుమానం. లాగ్ పుస్తకం తిరగేశాను. జూలై నెలాఖరులో బ్యాటరీ పెట్టి, పలకని చేత్తో ఎంత ఊపి చూసినా ముల్లు కదల్లేదు. పలక బిగించింది ఆగస్టు 2న. ఆ తరవాత ఎప్పుడు ఊగినా ఇదే.

సోమవారం సాయంత్రం అయిదింటికి తోకని తాళ్ళతో కట్టేసి, ఇంజనుని నిండు వేగంతో పావుగంట నడుపుతాను. ఒక్కదాన్నే. అప్పటికీ దొరక్కపోతే గురువారం ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పి పంపించేస్తాను.

బ్యాడ్జి సంగతి అడగొద్దన్నారు. అడగను. విమానం కట్టే కూతురు దాన్ని పెట్టుకోవటానికి తగదని మీ అభిప్రాయమైతే, సూటిగా అంటే సరిపోయేది.

కరుణశ్రీ

*

రేపల్లె,
22 సెప్టెంబరు 2025, సోమవారం, ఉదయం

తల్లీ,

ఈపాటికి జాన్సన్ ఫోను చేసే ఉంటాడు. "ఇంజను ముట్టుకోవద్దు, మీ మావయ్య ఉత్తరం పట్టుకుని నేనే బస్సులో వస్తున్నాను" అని మాత్రం చెప్పమన్నాను. ఎందుకో వాడికి చెప్పలేదు. ఒప్పుకోలు ఇంకొకడి నోటితో పంపేది కాదు. ఎవడిది వాడి చేతి రాతలోనే ఉండాలి.

ఆకాను దొరికాడు. బాపట్లలో కాదు, రేపల్లెలో. కళ్ళజోడు పెట్టుకుని నీకు ఉత్తరం రాస్తున్నాడు.

నీ బొమ్మ పోస్టులో ఇందాకే వచ్చింది. నువ్వు పెన్నుతో సున్నా చుట్టిన చోటు చూడగానే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆ చోటు నాకు తెలుసు. ఆ శుక్రవారం మీ ఇద్దర్నీ బయటికి పంపి నేను చేసింది ప్రార్థన ఒక్కటే కాదు. మీ అమ్మ బ్యాడ్జి జేబులో తెచ్చుకున్నాను. ఆ పట్టీ వెనక, వైర్ల గుత్తికి ఆనించి పెట్టి, నల్లటేపుతో పది చుట్లు చుట్టాను. టేపు సగం అయిపోయింది అక్కడే. గుర్తులేదని రాశాను, అది అబద్ధం. గుర్తుంది. మైకు సెట్టుకైతే అలా లోహం పెట్టి టేపు చుట్టినవాణ్ణి నేనే చెవి మెలిపెట్టేవాణ్ణి. ఆ పిన్నీసు టేపుని చీల్చుకుని బయటికి వచ్చి ఉంటుంది. విమానం అదిరినప్పుడల్లా స్క్రూని పొడుస్తోంది.

ఎందుకు పెట్టానంటావా? నువ్వు తగవని కాదమ్మా! నువ్వు పైకి వెళ్ళేటప్పుడు పక్క సీటు ఖాళీగా ఉంటుంది కదా అనిపించింది. మీ అమ్మ ఉండాలనిపించింది. "పదండి పదండి" అని పరిగెత్తే మనిషి కదా. నాకు భయమేసింది, కరుణా. ముప్పై ఐదేళ్ళు భయపడకండి అని మైకులో అరిచినవాడికి భయమేసింది. దేవుడు చాలడేమో, ఒక ఇత్తడి ముక్క కూడా ఉంటే మంచిదేమో అనుకున్నాను. దాన్నే తాయెత్తు అంటారు. వేరే పేరు లేదు.

ముత్యాలరావు తనది ఫ్యాను మొహాన అందరూ చూసేట్టు కట్టాడు. నేను నాది చీకట్లో దాచి, అతన్ని దొంగ అన్నాను. నా కంట్లో దూలం పెట్టుకుని, అతని కంట్లో నిమ్మకాయ వెతికాను. మా ఇద్దరిలో విమానానికి చెడుపు చేసింది ఎవరిది? వచ్చే ఆదివారం ఇదే నా ప్రసంగం. మైకు వాల్యూము పెంచే చెబుతాను.

కానీ ఆదివారం దాకా ఆగేది నా సంగతి. నీ సంగతి ఆగదు. విను.

ఆ పట్టీ పక్కనే బ్యాటరీ నుంచి వచ్చే లావుపాటి ఎర్ర వైరు బిగించి ఉంది, నా కళ్ళతో చూశాను. ఇప్పటిదాకా పిన్నీసు పెట్రోలు ముల్లు స్క్రూనే తాకింది. నిండు వేగంతో పావుగంట ఊపితే ఎర్రదాన్ని తాకదని ఎవడు చెప్పగలడు? నిప్పురవ్వ లేస్తుంది. పక్కన పెట్రోలు గొట్టం. కాబట్టి మొదట బ్యాటరీ వైరు విప్పు. విప్పి, చేతిలో పట్టుకుని చూసుకో, విప్పానని.

తరవాత ఆ పట్టీ వెనక్కి నీ చెయ్యి దూరదు, నాది దూరింది గానీ, ఈ ఉపవాసాలతో బస్సెక్కే సత్తువ లేక నేను ఇక్కడున్నాను. దాని వెనక చూసే అద్దం ఒక్కరి దగ్గరే ఉంది. అతని ఇంటికి వెళ్ళు. జ్వరమన్నా, బీడీ అన్నా లోపలికే వెళ్ళు. ఈ కాగితం మొదటి ముక్క నుంచి చివరిదాకా అతనికి చదువు. ఏ మాటా మింగకు. "శాలేమురాజు నీ కాళ్ళ దగ్గర కూర్చుని అడుగుతున్నాడు" అని చెప్పు. నవ్వితే నవ్వనీ. గురువారం నిమ్మకాయలు కడతానంటే కట్టనీ, వాదించాల్సింది ఉంటే నేనే వచ్చి మొహం మీద వాదిస్తాను. నువ్వు మాత్రం అతన్ని వెంటబెట్టుకునే షెడ్డుకి రా. అతని చేతులతోనే ఆ టేపు కోయించు.

బ్యాడ్జి బయటికి వచ్చాక తుడిచి నీ చొక్కాకి పెట్టుకో. అది ఉండాల్సిన చోటు అదే. గురువారం ఆ ఆఫీసరు అడిగితే మీ అమ్మదని చెప్పు.

రేపు కాదు కరుణా. ఒక గంట కునుకు తీసి కాదు, ఇంకోసారి మీటరు పెట్టి చూసి కాదు. జాన్సన్‌కి మంచినీళ్ళు ఇచ్చి, వాడు తాగేలోపు బ్యాటరీ విప్పెయ్యి. పొద్దుగూకకముందే ముత్యాలరావు గుమ్మంలో ఉండు.

లే. చదవటం అయిపోయింది, ఇంకా ఎందుకు కూర్చున్నావు? వెళ్ళు!

మావయ్య